గాలం కబుర్లు: కర్ర కొనే ముందు నీళ్ళెవరివో కనుక్కోండి

పోయిన నెల ఇదే పేజీలో సుంకేసుల దగ్గర ఒక ఆదివారం గాలం వేసుకుంటూ గడిపిన సంగతి రాసి, నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు ప్రశ్నలు పంపండి అని ఊరికే అన్నాను. ఊరికే అనకూడదని ఇప్పుడు తెలిసింది. వచ్చినవాటిలో సగం "ఏ రాడ్డు కొనాలి" అన్నవే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

కర్నూలు నుంచి, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక పాఠకుడు: అన్నా, నాకు 28 ఏళ్ళు. పుట్టి పెరిగింది తుంగభద్ర ఒడ్డునే అయినా ఇంతవరకు గాలం ముట్టుకోలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకడు కార్బన్ అంటాడు, ఇంకొకడు టెలిస్కోపిక్ అంటాడు, రీల్లో ఎన్ని బేరింగులున్నాయో లెక్క చెప్తాడు. బుర్ర తిరిగిపోతోంది. ఏది కొనమంటారు?

ఏదీ కొనొద్దు తమ్ముడూ. కనీసం రెండు నెలలు. నేను ఆ తప్పు చేసే చెప్తున్నా. మొట్టమొదట రాడ్డూ రీలూ తెప్పించుకుని, దాన్ని పూర్తిగా బిగించేసి బైకు మీద బయల్దేరాను, చూసేవాళ్ళు చూడాలని కూడా కొంచెం ఉందిలే, దారిలో వేపకొమ్మకు తగిలి కొస పుటుక్కున విరిగింది. ఆ రాడ్డు నీళ్ళ మొహం చూడకుండానే అటకెక్కింది.

పది పన్నెండు అడుగుల వెదురుకర్ర ఒకటి చూసుకోండి. మొదలు చేతికి పట్టేట్టు ఉండాలి, కొస చిటికెన వేలికంటే సన్నగా ఉండి లాగితే వంగాలి. కర్ర ఎంత పొడవుంటే తంగూసు దారం అంతే పొడవు, 0.30 మిల్లీమీటర్ల మందం చాలు. గాలం ముళ్ళు 8 లేదా 10 నంబరువి ఓ అరడజను. ఇక్కడొక తిరకాసు ఉంది, నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, 10 అడిగితే 4 కంటే పెద్దది ఇస్తాడనుకుని కొట్లో గొడవ పెట్టుకోకండి. నాలుగు సీసం గుళ్ళు. బెండు కొనాల్సిన పని కూడా లేదు, అరిగిపోయిన హవాయి చెప్పులోంచి చూపుడు వేలంత ముక్క కోసి మధ్యలో సూదితో బెజ్జం పెడితే సరిపోతుంది. పైకి కనిపించే కొసకు ఎర్ర నెయిల్ పాలిష్ పూయండి, ఇంట్లో అడిగి.

ముడి మాత్రం ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలి, ఒడ్డున గాలిలో కాదు. దారం ముల్లు కంట్లోంచి దూర్చి, ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదారుసార్లు మెలిపెట్టి, వెనక్కి తెచ్చి కంటి దగ్గర మిగిలిన చిన్న సందులోంచి దూర్చి లాగాలి. లాగే ముందు నోట్లో పెట్టుకుని ఉమ్ముతో తడపాలి. రోతగా ఉంటే నీళ్ళతో తడపండి, కానీ పొడిగా లాగొద్దు, రాపిడికి తంగూసు వేడెక్కి అక్కడే బలం పోతుంది, చేప పడ్డాక సరిగ్గా ఆ ముడి దగ్గరే తెగుతుంది. అప్పుడు అందరూ "అబ్బ, ఎంత పెద్ద చేపో, దారం తెంపుకుని పోయింది" అంటారు. చాలాసార్లు పోయింది పెద్ద చేప కాదు, పొడి ముడి.

ఇప్పుడు అసలు విషయం. విరిగిన రాడ్డు తర్వాత నేను కర్ర కట్టుకుని వరసగా మూడు ఆదివారాలు ఒకే చోట కూర్చున్నాను, ఒక్కటీ పడలేదు. ఎర మార్చాను, చోటు నాలుగడుగులు జరిగాను, దేవుడికి కూడా చెప్పుకున్నాను. మూడో ఆదివారం పక్కనే బర్రెలు కడుగుతున్న ఒక పెద్దాయన కాసేపు నన్ను చూసి, "ఏం సామీ, నీళ్ళు నిలువు లోతున్నాయి, నీ ఎర మూరెడు కిందే యాలాడుతాంది, చేపలు యాడ్నో కింద ఉంటే అది యాడ్నో పైనుంది" అన్నాడు. బెండును పైకి జరిపి ఎర నేలకు జానెడు పైన ఉండేట్టు చేసి చూపించాడు. అరగంటలో బెండు కదిలింది.

కాబట్టి ఒడ్డుకు పోయాక మొట్టమొదటి పని లోతు కొలవడం. ముల్లుకు కాస్త బరువైన సీసం తగిలించి వదలండి. బెండు మొత్తం మునిగిపోతే మీరు పెట్టిన దారం లోతుకు చాలలేదు, బెండును పైకి జరపాలి. బెండు నీళ్ళ మీద అడ్డంగా పడుకుంటే దారం ఎక్కువైంది, సీసం నేల మీద కూర్చుంది, కిందికి జరపాలి. నిలువుగా నిలబడి కొస మాత్రం బయటికి కనిపిస్తే అదీ లోతు. ఆ బరువు తీసేసి మామూలు గుళ్ళు కట్టి, ఏ చేప కావాలో దాన్నిబట్టి ఎర ఎంత పైకుండాలో చూసుకోవచ్చు. బొచ్చె నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్ళలో మేస్తుంది. రోహు మధ్యలో. మృగాల, బంగారుతీగ నేల కలబెట్టుకుంటూ తింటాయి. ఒకే చెరువులో ఈ అన్నింటినీ కలిపి పెంచడానికి కారణం కూడా అదే, ఒకదాని మేతకు ఇంకొకటి అడ్డం రాదు.

బెండు ఒక్కో చేపకు ఒక్కో రకంగా మాట్లాడుతుంది. టిక్ టిక్ మని వణుకుతూ ఉంటే పరకల్లాంటి బుల్లి చేపలో, తిలాపియా పిల్లలో ఎర చుట్టూ చేరి గిల్లుతున్నాయి, లాగకండి. జెల్ల అయితే తొందరపడదు, తిన్నగా కిందికి లాక్కుపోతుంది. బంగారుతీగ దగ్గర చాలామంది మోసపోతారు, అది నేల మీద ఎర నోట పెట్టుకుని తల పైకెత్తుతుంది, సీసం బరువు పోయి బెండు మునగడానికి బదులు పైకి లేచి వాలిపోతుంది. కొత్తవాళ్ళు అది గాలికేమో అనుకుని చూస్తూ కూర్చుంటారు. అప్పుడే లాగాలి, అదీ మణికట్టుతో చిన్న దెబ్బ, కర్రను భుజం మీదుగా వెనక్కి విసిరేయడం కాదు. అలా విసిరి చేపను వెనకున్న తుమ్మచెట్టు మీద తగిలించినవాణ్ణి నేను చూశాను, దాన్ని దించడానికి వాడు పడ్డ పాట్లు నీళ్ళలో పట్టడానికి కూడా పడలేదు.

ఇవన్నీ వచ్చాక రాడ్డు, రీలు కొనండి. అప్పుడు మీకే తెలుస్తుంది ఏది కావాలో.

అదే పాఠకుడు ఇంకో మెసేజ్‌లో: ఎరగా ఏం వాడాలి? వానపాములు పట్టుకోవాలంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

జలదరిస్తే మానేయండి, పోయేదేం లేదు. వానపాములు, మా ఊళ్ళో ఎర్రలంటాం, దాదాపు అన్ని చేపలకూ పనికొస్తాయి గానీ రాయలసీమలో ఉన్నవాడికి ఎరకు కొరతేంటి, రాత్రి మిగిలిన సంగటి లేదూ? రాగి సంగటి, అన్నం మెతుకు తక్కువగా, రాయిలా గట్టిగా ఉన్నది కావాలి. కావేరి వైపు పెద్ద చేపలకు రాగిముద్ద ఎరగా వాడటం చాలాకాలంగా ఉన్నదే, మనమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. సంగటిలో వేయించిన చెనిక్కాయ చెక్క పొడి కలిపి బాగా పిసకాలి. ఆ నూనె వాసనే చేపను లాక్కొస్తుంది. నీళ్ళలో తొందరగా విడిపోతుంటే కాస్త గోధుమపిండి, ఇంకా విడిపోతే పీచులు పీచులుగా చేసిన దూది చిటికెడు కలపండి. ముద్ద శనగగింజంత ఉండాలి. మనం తినే ముద్ద కాదది, చేప తినేది, నిమ్మకాయంత పెడితే గిల్లి గిల్లి తిని పోతాయే తప్ప ముల్లు నోట్లోకి పోదు.

గాలం వేసే ముందు అక్కడ గుప్పెడు తవుడు, చెక్క కలిపి ఉండలు చేసి వేస్తే చేపలు చేరతాయి. గుప్పెడే. మా బావ ఒకసారి రెండు కిలోలు వేశాడు, చేపలన్నీ బాగా తిని కడుపు నింపుకుని వెళ్ళిపోయాయి, ఆ రోజు మేం చేపలకు భోజనాలు పెట్టి వచ్చామన్నమాట.

అనంతపురం జిల్లా నుంచి, డిగ్రీ చదివే కుర్రాడు: అన్నా, మా ఊరి చెరువులో నేనూ నా స్నేహితుడూ గాలం వేసుకుంటుంటే ఒకాయన వచ్చి నోటికొచ్చినట్టు తిట్టి కర్రలు విరిచేశాడు. "మా చేపలు దొంగతనం చేస్తారా" అన్నాడు. ఊరి చెరువు ఊరందరిదీ కాదా? చేపల మీద ఆయన పేరు రాసి ఉందా?

కర్రలు విరవడం తప్పే, తిట్టడమూ తప్పే. కానీ ఆయన కోపంలో న్యాయం ఉంది, నువ్వు కొంచెం ఓపిగ్గా విను.

చెరువులో నీళ్ళు ఊరివి. అందులో చేపలు చాలాచోట్ల ఊరివి కావు. కొన్ని చెరువులను పంచాయతీ వేలం వేస్తుంది, కొన్ని మత్స్యశాఖ ద్వారా మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకు పోతాయి. లీజు తీసుకున్నవాళ్ళు డబ్బు కట్టి, చేపపిల్లలు కొని తెచ్చి వదులుతారు. ఎందుకు వదలాలి, అవే పిల్లలు పెట్టవా అంటావేమో. పెట్టవు. బొచ్చె, రోహు, మృగాల నిలిచిన చెరువు నీళ్ళలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలంలో పారే నది నీళ్ళు కావాలి. ఒకప్పుడు నదుల్లో పిల్లలను పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవాళ్ళు, వాటిలో ఏ రకం ఎంతుందో ఎవరికీ తెలిసేది కాదు. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి ఈ చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాక హేచరీలు వచ్చాయి, అందుకే ఏటా జులై 10ని జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతారు. అంటే నీ ఊరి చెరువులో తిరిగే రోహు దాదాపుగా ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొన్నదే. అది కూడా అనంతపురంలో, ఎప్పుడు వాన పడుతుందో, హెచ్చెల్సీలో, అంటే తుంగభద్ర ఎగువ కాలువలో, నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలియని చోట. చెరువు ఎండిపోతే చేపపిల్లల డబ్బు ఎండిపోయినట్టే. ఆయన కోపం ఎందుకో నీకర్థమవుతుంది.

నాదొక అనుభవం చెప్తా. ఒక చెరువు కట్ట మీద, ఏ ఊరని చెప్పను, లీజుదారు కాదు గానీ ఆయన దగ్గర కాపలా పనిచేసే ఒకాయన నా దగ్గర వంద రూపాయలు తీసుకుని గాలం వేసుకోమన్నాడు. గంట తర్వాత అసలు లీజుదారు వచ్చాడు. ఆయనకు ఆ వంద సంగతి తెలియదు. ఆ తర్వాత జరిగిన సంభాషణ ఈ పేజీలో రాయదగ్గది కాదు. అప్పట్నుంచీ నేను ముందురోజే పోయి అసలాయన్ను కలుస్తాను, "అన్నా, ఒక కర్ర, తిలాపియా తప్ప ఇంకేది పడినా నీళ్ళలో వదిలేస్తా, పట్టింది మీకు చూపించి పోతా" అంటాను. పది మందిలో ఏడెనిమిది మంది ఒప్పుకుంటారు. తిలాపియాను, మనవాళ్ళు జిలేబీ అంటారే, చాలామంది లీజుదారులు తగ్గితేనే బాగుండు అనుకుంటారు, అది విపరీతంగా పెరిగి మిగతా చేపల మేతను తినేస్తుంది కాబట్టి. కొత్తగా నేర్చుకునేవాడికి కూడా అదే మంచి చేప, సంగటికీ ఎర్రకూ దేనికైనా పడుతుంది, దాన్ని పట్టుకునేటప్పుడు వీపు మీద ముళ్ళు పైకి లేచి గుచ్చుకుంటాయి, తల వైపు నుంచి వెనక్కి నిమురుతూ ముళ్ళు పడుకోబెట్టి పట్టుకోవాలి.

గాజులదిన్నె, మిడ్ పెన్నార్, మైలవరం లాంటి రిజర్వాయర్ల సంగతి వేరు, అక్కడ లైసెన్సున్న మత్స్యకారులు వలలు వేసుకుని బతుకుతుంటారు, వాళ్ళ వలల మీదుగా గాలం విసరొద్దు, జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఒక మాట అడిగి పోవడం మేలు. శ్రీశైలం వైపు పోతే నల్లమల అడవి, పులుల అభయారణ్యం హద్దు ఉంటుంది, అందులోకి గాలం పట్టుకుని దిగేరు. కృష్ణలో, తుంగభద్రలో మొసళ్ళున్నాయని కూడా గుర్తుపెట్టుకోండి, నడుము లోతు నీళ్ళలో నిలబడి వేసే గాలం సినిమాల్లో బాగుంటుంది.

విరిగిన కర్రల సంగతి వదిలేయ్. ఆయన దగ్గరికి పోయి మాట్లాడు, నువ్వు చిన్నవాడివి కాబట్టి ముందు నువ్వే పో.

ప్రొద్దుటూరు నుంచి ఒక గృహిణి: నమస్తే అండీ. మా బాబుకు తొమ్మిదేళ్ళు, వాళ్ళ తాతగారి ఊరు పోయినప్పుడు గాలం చూసినప్పట్నుంచి అదే కలవరింత. పెన్నలో వేద్దామంటాడు. నాకు నీళ్ళంటే భయం, నాకు ఈత రాదు. నిజం చెప్పాలంటే నాక్కూడా సరదాగా ఉంది, కానీ టెన్షన్. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు మీకు సరదాగా ఉందని రాశారు చూడండి, ఆ ఒక్క మాటకు ఈ జవాబు పొడుగ్గా రాస్తున్నాను.

పెన్న మాత్రం వద్దు, ఇప్పుడే వద్దు. పెన్న పైకి అమాయకంగా ఉంటుంది, మోకాళ్ళ లోతు నీళ్ళు, తెల్లటి ఇసుక. ఇసుక తవ్విన గుంతలు ఆ నీళ్ళ కింద ఉంటాయి, పైనుంచి కనిపించవు, రెండడుగులు వేస్తే మనిషి లోతు. కేసీ కాలువ కూడా వద్దు. సుంకేసుల నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్లు దాటి పారే ఆ కాలువ పారుతున్నప్పుడు నీళ్ళ వడి ఒడ్డున నిలబడి చూస్తే తెలియదు, సిమెంటు లైనింగు ఉన్నచోట పాచి పట్టి జారుతుంది, జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు. గేట్లు, తూములు, బ్యారేజీల దిగువన ఎప్పుడూ కూర్చోవద్దు, పైన ఎక్కడో గేటు ఎత్తితే కింద నీళ్ళు చెప్పాపెట్టకుండా పెరుగుతాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన సంగతి మీరు వినే ఉంటారు, కర్నూలు వైపు నది ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ హెచ్చరికలు వచ్చాయి. 2009 అక్టోబరులో కర్నూలు ఊరే మునిగింది. మనకు ఇక్కడ వాన లేకపోయినా నది నిండుతుంది, ఎందుకంటే ఆ నీళ్ళు ఎక్కడో కురిసినవి.

కాబట్టి తెలిసినవాళ్ళ పొలంలో చిన్న చేపల కుంట చూసుకోండి, ఒడ్డు వాలుగా ఉండి, కూర్చోవడానికి చదునుగా ఉన్నది. బాబుకు లైఫ్ జాకెట్ కొనండి, నేను ఇందాక రాడ్డు కొనొద్దన్న డబ్బు అక్కడ పెట్టండి. వాడు నీళ్ళకు రెండు బారల దూరంలో కూర్చోవాలి, కర్ర పొడుగ్గా ఉండేదే అందుకు. మీతో ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరుండాలి, ఫోను చూస్తూ కాదు.

ఇంకొకటి, ముల్లు. గాలం ముల్లు లోపలి వైపు వెనక్కి తిరిగిన చిన్న మొన ఉంటుంది, అది లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. కటింగ్ ప్లేయరుతో ఆ మొనను నొక్కి చదును చేసేయండి. చేపలు కొన్ని ఎక్కువ తప్పించుకుంటాయి, తప్పించుకోనీయండి, పిల్లాడి వేలికి గుచ్చుకుంటే మాత్రం తేలిగ్గా వచ్చేస్తుంది. మొన ఉన్న ముల్లు లోతుగా దిగితే ఒడ్డున కూర్చుని పీకొద్దు, దారం కత్తిరించి నేరుగా డాక్టరు దగ్గరికి పోయి తీయించి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. కంటికి దగ్గర్లో అయితే అసలు ముట్టుకోవద్దు. తలకు టోపీ, కళ్ళకు ఏదో ఒక అద్దాలు పెట్టండి, ఎండకు మాత్రమే కాదు, పక్కవాడు విసిరే గాలానికి కూడా.

ఇంగిలాయి పడితే చేత్తో పట్టనివ్వకండి. నల్లగా, నున్నగా, మీసాలతో ఉంటుంది, చెంపల పక్కన రెండు ముళ్ళుంటాయి, వాటిలో విషం ఉంటుంది, చావరు గానీ రాత్రంతా నిద్ర ఉండదు. కుట్టిన చోటును ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ముంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి.

మొదటి రోజు గంటన్నర చాలు. వాడికి విసుగు పుట్టే ముందే ఇంటికి తీసుకురండి.

నంద్యాల నుంచి ఒక ఆర్‌ఎంపీ: ఏ వేళలో వేస్తే బాగా పడతాయి? ఎండాకాలం మానేయాలా?

మానేయక్కర్లేదు గానీ మన ఎండల్లో మధ్యాహ్నం కూర్చుంటే చేపకంటే ముందు మీరు పడతారు. పొద్దు పొడిచాక రెండు గంటలు, సాయంత్రం ఎండ వాలాక ఇంకో రెండు గంటలు. వేడినీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, ఎండాకాలం పాచి ఎక్కువున్న చెరువుల్లో మరీ తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. ఎంత చేపలున్నాయో అని సంబరపడకండి, అవి ఊపిరాడక అల్లాడుతున్నాయి, అప్పుడు ఏ ఎరా తినవు. పొద్దెక్కి పాచి పని మొదలుపెడితే గాలి కలిసి తేరుకుంటాయి.

వానాకాలంలో కొత్తనీళ్ళు వచ్చినప్పుడు, చెరువు నిండి మరవ పోయినప్పుడు చేపలు నీటికి ఎదురెక్కుతాయి. అప్పుడు వలలు, బుట్టలు, దోమతెరలు, చీరలు కూడా పట్టుకుని ఊరంతా దిగుతుంది. నేను దిగను. అవి గుడ్లు పెట్టడానికి పోతున్న చేపలు, కడుపు నొక్కితే గుడ్లు కారుతుంటాయి. పడినా వదిలేస్తాను. ఇందులో నాతో ఒప్పుకోనివాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

సూర్యుడు మీకు ఎదురుగా ఉండేట్టు కూర్చోండి, మీ నీడ నీళ్ళ మీద పడకూడదు. మాట్లాడుకోవచ్చు, పాటలు కూడా పెట్టుకోవచ్చు, అడుగులు మాత్రం దబదబ వేయొద్దు, మాటకంటే నేల అదురు వాటికి తొందరగా తెలుస్తుంది.

బద్వేలు నుంచి, పేరు రాయొద్దన్న పాఠకుడు: గాలంతో పొద్దస్తమానం కూర్చోవడం టైం వేస్టు కదన్నా. మా వైపు కొందరు జిలెటిన్ పేల్చి ఐదు నిమిషాల్లో బస్తాడు పడతారు. చిన్న మోతాదులో అయితే తప్పేముంది?

1897లో వచ్చిన చేపల చట్టం నుంచే నీళ్ళలో పేలుడు పదార్థం పేల్చడం, విషం కలపడం నేరం. చిన్న మోతాదు, పెద్ద మోతాదు అని అందులో లేదు. పేలితే తేలేవి కొన్ని, మునిగిపోయేవి ఇంకొన్ని, గుడ్లూ పిల్లలూ అన్నీ పోతాయి. చేతులు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను అడుగు మోతాదు ఎంతని. తర్వాతి ప్రశ్న.

కర్నూలు నుంచి ఒక హోటల్ యజమాని: కొర్రమీను గాలానికి పడుతుందా? మార్కెట్లో దాని ధర చూస్తే గుండె ఆగుతోంది.

పడుతుంది, మొదటి నెలలో మాత్రం ఆశపెట్టుకోకండి. అది వేటాడే చేప, సంగటిని కన్నెత్తి చూడదు. చిన్న చేప, కప్ప లాంటి కదిలే ఎర కావాలి, తూటికాడ, గుర్రపుడెక్క మొక్కల పక్కన ఉంటుంది. దానికి గాలి పీల్చుకోవడానికి పైకి రావడం అలవాటు, గుబుక్కుమని ఒక శబ్దం, చిన్న సుడి, అదే గుర్తు.

నీళ్ళ మీద ఎర్రగా, నారింజ రంగులో చిన్న పిల్లల గుంపు మసలుతూ కనిపిస్తే దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు ఏది కదిలినా మీద పడి కరుస్తాయి కాబట్టి పట్టడం చాలా తేలిక. పట్టకండి. అవి పోతే ఆ వందల పిల్లలను జిలేబీలూ జెల్లలూ గంటలో ఊడ్చేస్తాయి.

కడప నుంచి ఒక పాఠకురాలు: మొన్న మా తమ్ముడు చెరువులోంచి రోహు పట్టుకొచ్చాడు. ఎంత కడిగినా మట్టి వాసన పోలేదు, పులుసు పారబోశాం. ఎందుకలా?

కడగడంలో లోపం లేదమ్మా. నీళ్ళలోని పాచి, సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి, తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన కూడా దాందే. అది చేప కండలోకీ కొవ్వులోకీ పోతుంది, పైపైన ఉప్పు రుద్దితే పోదు. పులుపు కొంత విరుస్తుంది. ముక్కలు కోసి ఉప్పు, పసుపు రాసి, పుల్లటి మజ్జిగలో అరగంట నానబెట్టి కడిగి, చింతపండు కాస్త ఎక్కువ వేసి పులుసు పెట్టండి. కడుపులో నల్లటి పొర ఉంటే గీకేయండి, పొట్ట దగ్గరి కొవ్వు తీసేయండి. పులుసు పెట్టినపూట కాకుండా మర్నాడు పొద్దున సంగటిలోకి వేసుకోండి, అది మీకు నేను చెప్పాలా.

ఊరి మురుగు కలిసేచోట పట్టిన చేప అయితే వాసన ఉన్నా లేకున్నా తినొద్దు.

వదిలేయాలనుకున్న చేపను పట్టుకునే ముందు చేతులు తడుపుకోండని ఇక్కడే చెప్పేస్తా, ఇంకొకరు అడిగారు. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోయి తర్వాత పుండ్లు పడతాయి. ఎండిన గట్టు మీద పొర్లించి ఫోటోలు తీసి వదిలితే వదిలినట్టు కాదు.

కడప నుంచే, ఇంకో పాఠకురాలు: మా ఆయన ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం గాలం అంటూ తెల్లవారకుండానే పోతాడు. మొదట్లో ఖాళీ చేతులతో వచ్చేవాడు. ఈమధ్య ప్రతివారం కిలో, కిలోన్నర రోహు తెస్తున్నాడు, అదీ సరిగ్గా పదకొండు గంటలకు. నాకెందుకో అనుమానం. ఎలా కనిపెట్టాలి?

అక్కా, మీ ఇంట్లో గొడవ పెట్టడం నాకిష్టం లేదు, కానీ అడిగారు కాబట్టి.

గాలానికి పడిన చేపకు పెదవి మీదో నోటి మూలనో చిన్న చిరుగు ఉంటుంది, వేలితో పెదవి వెనక్కి మడిచి చూడండి. నోరు శుభ్రంగా ఉండి, మొప్పల వెనక ఒంటి చుట్టూ సన్నటి గీత కనిపిస్తే అది వలలో ఇరుక్కున్నది. కళ్ళు లోపలికి దిగి మసకగా ఉంటే ఐసులో పడుకున్నది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా కాకుండా ఇటుకపొడి రంగులో ఉన్నా అంతే. ఇంకో పరీక్ష ఉంది, అన్నిటికంటే సులువు. పొలుసు తీసి పొట్ట శుభ్రం చేసిన చేప అయితే ఇంక నోరు చూడక్కర్లేదు, ఆరు నెలల గాలగాడెవడూ తాను పట్టిన చేపను మొత్తంగా ఇంట్లోవాళ్ళకు చూపించకుండా ఒడ్డునే కోయించుకుని రాడు.

ఆయన ఖాళీ చేతులతో వచ్చిన రోజుల్లో మీరేమన్నారో కూడా ఒకసారి గుర్తుచేసుకోండి. పై జవాబుల్లో లోతు కొలిచే సంగతి రాశాను, ఆ ముక్క కత్తిరించి ఆయన గాలం సంచిలో పెట్టండి.